బ్రౌన్ పుట్టకముందే అచ్చయిన తెలుగు: బెంజమిన్ షుల్జ్‌ను ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎం.ఏ. మొదటి ఏడాది సెమినార్‌కు మీకు బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీని ఇచ్చారు. తెలుగులో మొదటి పుస్తకాలు అచ్చు వేయించింది ఆయనే అని ఒకచోట, సి.పి. బ్రౌన్ అని ఇంకోచోట చదివారు. షుల్జ్ తెలుగు రెండు పేజీలు చదివితే ఎబ్బెట్టుగా అనిపించింది. ఇలాంటి తెలుగు రాసిన మనిషి మీద పేపర్ రాయడం వల్ల ఉపయోగం ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. తెలుగు లిపిలో మనకు తెలిసిన తొలి అచ్చు పుస్తకాలు షుల్జ్‌వే. 1746, 1747 సంవత్సరాల్లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. బ్రౌన్ పుట్టింది 1798లో. కాబట్టి ఆ విషయంలో వాదన అక్కర్లేదు. తెలుగు ముద్రణ చరిత్ర మీద పరిశోధన చేసిన జె. మంగమ్మ గారు కూడా 1746 నుంచే లెక్క మొదలుపెట్టారు. ఇక రెండో మాట. షుల్జ్‌ను మంచి తెలుగు కోసం చదవకండి, నిరాశ పడతారు. 1720లు, 30లలో మద్రాసు వీధుల్లో ఒక విదేశీయుడి చెవిన పడిన భాష కోసం చదవండి. అలా చదివితే సెమినార్ పేపరే కాదు, పీహెచ్‌డీకి సరిపడా సరుకు దొరుకుతుంది.

నేను తార్నాకలో మా ఇంటి ముందుగదిలో 19 ఏళ్లుగా పెద్దవాళ్లకు తెలుగు నేర్పుతున్నాను. వచ్చేవాళ్లలో కంపెనీల పని మీద హైదరాబాద్ వచ్చిన విదేశీయులు ఎక్కువ. వాళ్ల కోసమే పాత మిషనరీ వ్యాకరణాలు చదవడం మొదలుపెట్టాను. అందుకని కింద రాసేది కొంత పుస్తకాల నుంచి, కొంత ఆ ముందుగది నుంచి.

షుల్జ్ జీవితం గురించి మీకు కావలసినంత వరకు చెబుతాను. 1689లో జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతపు సోనెన్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. చదువు హాలెలో. అక్కడ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె స్థాపించిన అనాథాశ్రమం, బడులు, అచ్చుకూటం అన్నీ కలిపి ఒక పెద్ద సంస్థ. డెన్మార్క్ రాజు ఆధ్వర్యంలో తరంగంబాడికి (తమిళ తీరంలో అప్పటి డెన్మార్క్ వాళ్ల స్థావరం) మిషనరీలను తయారుచేసి పంపింది ఆ హాలె వాళ్లే. షుల్జ్ 1719లో తరంగంబాడిలో దిగేటప్పటికి, అక్కడ తమిళంలోకి బైబిల్ అనువాదం మొదలుపెట్టిన జీగెన్‌బాల్గ్ అదే ఏడాది ఫిబ్రవరిలో చనిపోయి ఉన్నాడు. మిగిలిన గ్రుండ్లర్ కూడా మరుసటి ఏడాది పోయాడు. భాష ఇంకా పూర్తిగా పట్టుబడని కొత్త మనిషి మీద మిషన్ మొత్తం పడింది. జీగెన్‌బాల్గ్ రూతు గ్రంథం దాకా తెచ్చి వదిలిన పాత నిబంధనను షుల్జ్ పూర్తి చేశాడు. 1728 నాటికి తమిళ బైబిల్ అచ్చు ముగిసింది.

ఆయనతో పనిచేయడం తేలిక కాదని సాటి మిషనరీల రాతలను బట్టి తెలుస్తుంది. తర్వాత వచ్చినవాళ్లతో పొసగలేదు. 1726లో మద్రాసు వెళ్లి చూశాడు, 1728లో అక్కడే స్థిరపడి ఇంగ్లండ్‌లోని ఒక క్రైస్తవ సంఘం డబ్బుతో కొత్త మిషన్ పెట్టాడు. 1743 వరకు అక్కడే ఉండి, ఆరోగ్యం చెడి హాలె తిరిగి వెళ్లాడు. 1760లో అక్కడే చనిపోయాడు.

మన కథ మొదలయ్యేది ఆ మద్రాసు మకాంతోనే. తమిళం నేర్చుకుని వచ్చిన మనిషికి మద్రాసులో తెలుగు ఎందుకు అవసరమైంది? అప్పటి మద్రాసు వ్యాపారంలో తెలుగు మాట్లాడేవాళ్లది పెద్ద చెయ్యి. కోమట్లు, బలిజలు, బేరి శెట్లు, దుబాసీలు, వాళ్ల గుమాస్తాలు. ఇంగ్లీషు వాళ్లు తెలుగును 'జెంటూ' అనేవారు. హాలె మిషన్ రాతల్లో దానికి 'వరుగు' అని పేరు. తమిళులు మనల్ని 'వడుగులు' అంటారు కదా, ఆ మాటే. మీరు పాత కేటలాగుల్లో తెలుగు అని వెతికితే దొరకనివి ఈ రెండు పేర్ల కింద దొరుకుతాయి. నేను ఈ సంగతి తెలియక ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

షుల్జ్ తెలుగు నేర్చుకుని 1728లోనే లాటిన్‌లో ఒక తెలుగు వ్యాకరణం రాశాడు. అది చేతిరాతగానే ఉండిపోయి, 1984లో హాలెలో అచ్చయింది. 1732 నాటికి బైబిల్‌ను తెలుగు చేశాడు. అది అచ్చు కాలేదు. హాలెకు తిరిగి వెళ్లాక తెలుగు అక్షరాలతో అచ్చు వేయించినవి చిన్న పుస్తకాలు: చిన్న ప్రశ్నోత్తరి, మత సంభాషణ, క్రైస్తవ సిద్ధాంతాల వివరణ లాంటివి. తెలుగునేలకు వేల మైళ్ల దూరంలో, తెలుగు చదవగలిగినవాళ్లు దాదాపు ఎవరూ లేని ఊళ్లో, మన 'అ ఆ'లు మొదటిసారి సీసంలో పోత పోసుకున్నాయి. నాకు ఈ వాక్యం రాసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ తెలుగు ఎందుకు అంత ఎబ్బెట్టుగా ఉంటుంది?

మా ముందుగదికి వచ్చిన ఒక జర్మన్ ఇంజనీరు సంగతి చెబుతాను. తెలివైనవాడు, రోజూ హోంవర్క్ చేసేవాడు. మూడో నెలలో 'నిన్న వచ్చిన మనిషి' అని చెప్పడానికి "మనిషి, ఎవరు నిన్న వచ్చాడు" అన్నాడు. ఇంకోరోజు పనమ్మాయితో "మనం ఆదివారం మా ఊరు వెళ్తున్నాం" అన్నాడు. ఆ పిల్ల కంగారుపడి నా దగ్గరికి వచ్చింది, "నన్ను ఎందుకు తీసుకెళ్తారు మేడం" అని. ఆయన చెప్పాలనుకున్నది 'మేము', అంటే తనూ తన భార్య. జర్మన్‌లో ఆ రెంటికీ ఒకటే మాట. లాటిన్‌లోనూ అంతే.

లాటిన్, జర్మన్ భాషల్లో 'ఎవడో వాడు' అనే తరహా సంబంధ సర్వనామం లేనిదే పెద్ద వాక్యం కట్టలేరు. మనం దాన్ని క్రియలోనే ముడి వేస్తాం: వచ్చిన, వస్తున్న, రాని. 'కలిగి ఉండు' అనే క్రియ వాళ్లకు రోజుకు వందసార్లు కావాలి. మనకు 'నాకు ఉంది' చాలు. ఇవి తెలియని తలకాయలో నుంచి మతగ్రంథం లాంటి చిక్కటి సరుకు దిగితే, మాటలు తెలుగువే అయినా వరస వేరే అవుతుంది. ఒక జాగ్రత్త. 'ఎవడు... వాడు' అన్న కట్టు పూర్తిగా పరాయిదని రాయకండి. మన పాత వాఙ్మయంలోనూ సామెతల్లోనూ ఉంది. పరాయితనం దాన్ని ప్రతి వాక్యంలో వాడటంలో ఉంది.

షుల్జ్ ఒక్కడికే ఈ ఇబ్బంది లేదు. తరంగంబాడి మిషనరీల తమిళాన్ని, అదే కాలంలో తమిళంలో కావ్యం రాసిన జెసూట్ (ఒక కేథలిక్ గురువుల సంఘానికి చెందిన) బెస్కి తీవ్రంగా ఎద్దేవా చేశాడు. షుల్జ్ తర్వాత మద్రాసు మిషన్ చూసుకున్న ఫాబ్రిషియస్, షుల్జ్ తమిళ అనువాదం పనికిరాదని దాదాపు మొత్తం తిరగరాశాడు. అంటే షుల్జ్ శైలి గురించి మీకు అనిపించింది కొత్త సంగతి కాదు, పేపర్‌లో ధైర్యంగా రాయొచ్చు. కానీ అక్కడితో ఆగిపోతే ఆయనకూ మీకూ అన్యాయం.

అసలు విలువ ఎక్కడుందో చూపడానికి ఒక హైదరాబాద్ ఉదాహరణ ఇస్తాను.

షుల్జ్ తెలుగుతో పాటు హిందుస్తానీకి కూడా లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. 1745లో హాలెలో అచ్చయింది. మద్రాసు, ఆర్కాటు ప్రాంతం ముస్లింల మధ్య ఆయన విన్న భాష అది. ఢిల్లీ భాష కాదు, మన దక్కనీ. ఆ తర్వాత చాలా కాలానికి జార్జ్ గ్రియర్సన్ తన భారతీయ భాషల సర్వేలో ఈ పుస్తకాన్ని పరిశీలించి మూడు లోపాలు ఎత్తిచూపాడు. రోమన్ లిపిలో రాసేటప్పుడు ట, డ లాంటి మూర్ధన్యాలను పట్టించుకోలేదు. ఒత్తక్షరాలనూ వదిలేశాడు. 'నే' అనే ప్రత్యయం వాడకం అతనికి తెలియదు.

మొదటిసారి చదివినప్పుడు నేనూ సరేననుకున్నాను. తర్వాత ఒకరోజు నాంపల్లి నుంచి ఇంటికి ఆటోలో వస్తుంటే డ్రైవర్ ఫోన్‌లో అంటున్నాడు: "మై బోలా నా, మై ఖానా ఖాయా." పుస్తకాల హిందీలో ఆ రెండో మాట 'మైనే ఖానా ఖాయా' కావాలి. మన హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన వాళ్లకు ఇందులో విశేషమేమీ వినిపించదు, రోజూ వినేదే. కానీ నాకు ఆ క్షణంలో గ్రియర్సన్ మాట గుర్తొచ్చింది. షుల్జ్‌కు 'నే' తెలియకపోవడం కాదు, ఆయన విన్న దక్కనీలో ఆ 'నే' ఢిల్లీలో లాగా పనిచేసి ఉండదు! ఆయన విన్నది విన్నట్టు రాశాడు. కొలబద్ద ఢిల్లీది కాబట్టి తప్పుగా కనిపించింది.

ఒత్తుల సంగతి కూడా అంతే. మన దగ్గర 'దూధ్' దూద్ అవుతుంది, 'హాథ్' హాత్ అవుతుంది. దక్కనీలో మాట చివర ఒత్తు నిలవదు. అయితే ఇక్కడ రెండు కారణాలు కలగలిసి ఉన్నాయి, వాటిని విడదీయకుండా తీర్పు చెప్పకండి. ఒకటి దక్కనీ స్వభావం. రెండోది జర్మన్ చెవి. జర్మన్లు ప, ట, క అన్నప్పుడు వాటంతట అవే కొంచెం ఒత్తు పడతాయి, కాబట్టి ప, ఫ తేడా వాళ్లకు మొదట్లో వినపడదు. మా ఇంజనీరు 'పాలు' అంటే నాకు 'ఫాలు' అని వినిపించేది. త, ట తేడా కూడా వాళ్ల భాషలో లేదు. 'పాత', 'పాట' రెండూ ఒకేలా పలికేవాడు, నాలుగు వారాలు పట్టింది. అందుకని మూర్ధన్యాలు వదిలేయడాన్ని దక్కనీకి ఆపాదించడానికి లేదు. దక్కనీలో ట, డ గట్టిగానే ఉన్నాయి. అది చెవి లోపమే. 'నే' లేకపోవడం మాత్రం భాష సాక్ష్యం. ఒకే పేజీలో ఒకటి తప్పు, ఒకటి సాక్ష్యం. ఇలా వేరు చేయగలిగితే మీ పేపర్ నిలబడుతుంది.

ఇదే పద్ధతి తెలుగుకు పెట్టండి. మన పండితులు చాలా కాలం గ్రాంథికమే భాష అన్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. దానికి 130 ఏళ్ల ముందే వ్యాకరణం రాసిన షుల్జ్‌కు కావలసింది కావ్యభాష కాదు, బజారులో నిలబడి మాట్లాడితే అర్థమయ్యే భాష. ఆయన దగ్గర కనిపించే సంధులు లేని రూపం, కుదించిన క్రియ, తమిళం కలిసిన మాట, వీటిలో ఏది ఆయన పొరపాటో, ఏది నిజంగా మద్రాసు తెలుగోనని ఒక్కొక్కటీ తూచాలి.

దీనికి అన్నిటికంటే మంచి చోటు ఆయన సంభాషణలు. మద్రాసు పట్నం గురించి, అక్కడి జనం ఆచారాలు, నడవడి, మతం గురించి 30 సంభాషణలు తెలుగులో రాశాడు. వాటి ఇంగ్లీషు అనువాదం 1750లో హాలెలో అచ్చయింది. వేదాంతం చెప్పాల్సిన చోట తడబడే మనిషి, ఊరి సంగతులు చెప్పేటప్పుడు తేలికవుతాడు. ప్రశ్నోత్తరిలో వెనకాల జర్మన్ మూలం కూర్చుని ఉంటుంది. సంభాషణల్లో ఎదురుగా ఒక తెలుగు మనిషి కూర్చుని ఉంటాడు. తేడా అదే.

ఆ ఎదురుగా కూర్చున్న మనిషి గురించి మాట్లాడకుండా షుల్జ్ మీద ఎవరు రాసినా నాకు బాధగా ఉంటుంది. ఆయనకు తెలుగు నేర్పింది ఎవరు? దుబాసీలా, బడిపంతుళ్లా, మత చర్చకు వచ్చిన బ్రాహ్మణులా? అచ్చు పుస్తకాల మీద ఉన్నది షుల్జ్ పేరు ఒక్కటే. ఈ విషయంలో బ్రౌన్ వేరు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మం లాంటి తన పండితుల పేర్లు మనకు తెలిసేలా చేశాడు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెగ్రాంజెస్‌లకు సువార్తల అనువాదంలో సాయపడిన ఆనందరాయర్ పేరు కూడా చరిత్రలో ఉంది. పాఠం చెప్పే మనిషిగా నాకు ఒకటి తెలుసు. విద్యార్థి ఎంత తెలివైనవాడైనా అతని నోట్‌బుక్‌లో ప్రతి మాటా ఎవరో ఓపికగా రెండుసార్లు పలికి వినిపించినదే. షుల్జ్ వ్యాకరణంలోని ప్రతి ఉదాహరణ వెనక పేరు పోయిన ఒక తెలుగు గొంతు ఉంది. మీ పేపర్‌లో ఒక్క పేరా అయినా వాళ్లకు ఇవ్వండి.

అలాగే ఆయన ఎందుకు వచ్చాడో దాచిపెట్టకండి. మతం మార్చడానికి వచ్చాడు, భాష అందుకు సాధనం. అది చెప్పినంత మాత్రాన వ్యాకరణం విలువ తగ్గదు. విలువ ఉంది కదా అని ఆ ఉద్దేశం మాయమూ కాదు. రెండూ ఒకే మనిషివి.

పేపర్‌లో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన పేపర్లలో ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

"తొలి తెలుగు వ్యాకరణం" అని రాయకండి. 13వ శతాబ్దంలోనే కేతన ఆంధ్రభాషాభూషణం తెలుగులో రాశాడు. "యూరోపియన్ రాసిన మొట్టమొదటిది" అని కూడా తొందరపడొద్దు. షుల్జ్ కాలంలోనే కర్నాటిక్ మిషన్ జెసూట్లు ఫ్రెంచిలో తెలుగు వ్యాకరణం, నిఘంటువులు తయారుచేసుకున్నారు. 'తొలి వాటిలో ఒకటి' అంటే చాలు. అలాగే హిందుస్తానీ వ్యాకరణం కూడా మొదటిది కాదు. డచ్చి కంపెనీ ఉద్యోగి కేటెలార్ రాసినది అంతకు ముందుదే, 1743లోనే అచ్చయింది కూడా. తెలుగు అచ్చు విషయంలో మాత్రమే 'తొలి' అన్న మాట ధైర్యంగా వాడండి.

ఇంకోటి, తెలుగు బైబిల్. "1732లో తెలుగు బైబిల్ అచ్చయింది" అని రాసిన పేపర్ చూశాను. అనువాదం జరిగింది, అచ్చు కాలేదు. తెలుగు కొత్త నిబంధన పూర్తిగా అచ్చులో కనిపించేది 1818లో, వేరేవాళ్ల అనువాదాలు.

విలియం కేరీ 1814లో సెరాంపూర్‌లో, కాంబెల్ 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణాలు తెచ్చారు. కాంబెల్ పుస్తకం ముందుమాటకు చేర్చిన వివరణలోనే మద్రాసు కంపెనీ అధికారి ఎలిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్నదని పదాలు పేర్చి చూపాడు. షుల్జ్ నుంచి అక్కడిదాకా గీత గీస్తే బాగుంటుంది గానీ, వీళ్లంతా షుల్జ్‌ను చదివి రాశారని మాత్రం అనకండి. ఆయన వ్యాకరణం హాలెలో పెట్టెలో ఉంది. షుల్జ్‌కు భాషల చుట్టరికం మీద ఆసక్తి ఉన్నమాట నిజమే. 1725లో రాసిన ఉత్తరంలో సంస్కృత సంఖ్యావాచకాలకు లాటిన్‌తో ఉన్న పోలికను గమనించాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో చుట్టరికం ఉందని చెప్పి పేరుపొందిన విలియం జోన్స్ ప్రసంగం 1786లో. ఈ ముక్క పేపర్‌లో పెడితే మీ గైడ్ తప్పకుండా ఆగి చదువుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. లాటిన్ రాదని భయపడకండి, నాకూ రాదు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వ్యాకరణంలో ఉదాహరణలు తెలుగువే. మొదటి పేజీ నుంచి కాకుండా సర్వనామాలు, క్రియారూపాల పట్టికల దగ్గర మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఆయన రాసిన రూపం, గ్రాంథిక రూపం, మీకు తెలిసిన మాట. మీ అమ్మమ్మ గారిది సూళ్లూరుపేట అని రాశారు కదా. అది పాత మద్రాసుకు ఉత్తరాన, అదే తెలుగు గాలి పారే చోటు. మూడో గడి మీరు నింపకండి. ఆవిడ ముందు కూర్చుని ఒక్కో రూపం చదివి వినిపించండి. లిపి చూపించొద్దు, చెవికే వినిపించాలి. "ఇలా అనేవాళ్లం" అన్నచోట టిక్కు పెట్టండి, "ఇదేం మాట" అన్నచోట ప్రశ్నార్థకం పెట్టండి. 40 రూపాలు అయ్యాక ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.